ఇంటి నెట్ పాఠాలు – 4: పక్కింటి వైఫైకి తాళం లేదు, వాడేయొచ్చా?

పోయిన పాఠంలో రౌటర్ పేజీలోకి వెళ్లి అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం చూశాం. ఈసారి గోడ అవతలి నెట్ సంగతి. శ్రీకాకుళంలో బలగ వైపో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరో గది అద్దెకి తీసుకుని గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుతున్నవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. వైఫై ఆన్ చేస్తే ఏడెనిమిది పేర్లు వస్తాయి, అన్నిటి పక్కనా తాళం బొమ్మ, ఒక్కదానికి మాత్రం ఉండదు. రోజు డేటా అయిపోయింది, మాక్ టెస్ట్ రాయాలి, నొక్కితే కలిసిపోతోంది. ఎవరడుగుతారులే అనిపిస్తుంది.

చట్టం అడగొచ్చు. 2000 నాటి ఐటీ చట్టంలో సెక్షన్ 43 ఉంది. ఓనరు గానీ, దాని బాధ్యత చూసే మనిషి గానీ అనుమతించకుండా వాళ్ల కంప్యూటర్‌లోకో నెట్‌వర్క్‌లోకో వెళ్తే నష్టపరిహారం కట్టాల్సి రావచ్చని దాని సారాంశం. అందులో పాస్‌వర్డ్ బద్దలుకొట్టాలన్న షరతు లేదు, గమనించండి. తాళం ఉందా లేదా అన్నది కాదు, అనుమతి ఉందా అన్నదే ప్రశ్న. పక్కింటి బోరు కుళాయి మన గోడ వైపు తిరిగి ఉన్నా మోటారు కరెంటు బిల్లు కట్టేది వాళ్లే కదా, ఇదీ అంతే.

అయితే వెంటనే జైలా? కాదు. ఇక్కడే చాలామంది రెండు సెక్షన్లని కలిపేసి అనవసరంగా టెన్షన్ పడతారు. 43 కింద వచ్చేది డబ్బు తగువు, దాన్ని విచారించేది రాష్ట్ర ఐటీ కార్యదర్శి హోదాలో ఉండే అధికారి. అదే పని దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే మాత్రం సెక్షన్ 66 కింద నేరం, మూడేళ్ల వరకూ జైలు, లేదా ఐదు లక్షల వరకూ జరిమానా, లేదా రెండూ. చట్టం లెక్కలో దురుద్దేశం అంటే మనకి దక్కకూడని లాభం పొందాలనో, ఎదుటివాళ్లకి అన్యాయంగా నష్టం చెయ్యాలనో అనుకోవడం. ఫోన్ దానంతటదే కలిసిపోతే అందులో ఉద్దేశమనేది లేదు. వద్దని చెప్పాక కూడా కలిపి, రాత్రంతా సినిమాలు దించుకుని, వాళ్ల హైస్పీడ్ కోటా ఖాళీ చేశారనుకోండి, అప్పుడు మీ తరఫున వాదించడం కష్టం. మాక్ టెస్ట్ రాసిన కుర్రాడి మీద ఎవరూ కేసు పెట్టరని నా అభిప్రాయం. అలాగని అది మీ హక్కైపోదు.

అసలు భయం ఓనరుకుండాలి. బయటి ప్రపంచానికి కనిపించేది మీ ఫోన్ కాదు, ఆ ఇంటి కనెక్షన్. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకి కాస్త ముందు మీడియాకి వచ్చిన బెదిరింపు ఈమెయిల్‌ని పోలీసులు వెతుక్కుంటూ వెళ్తే నవీ ముంబైలో ఓ అమెరికన్ అద్దెకున్న ఫ్లాట్ తేలింది, ఆయన వైఫైని ఇంకెవరో వాడారు. ఆయన కంప్యూటర్ పట్టుకెళ్లారు, ప్రశ్నలడిగారు. ఆ మరుసటి ఏడాది టెలికాం శాఖ వైఫై భద్రత మీద ఆదేశాలిచ్చింది.

ఇక పని నేర్చుకుందాం. ముందు ఫోన్‌లో ఆ నెట్‌వర్క్ పేరు మీద నొక్కి ఫర్గెట్ చెయ్యండి, ఓపెన్ నెట్‌వర్క్‌లకి దానంతటదే కలిసే ఆటో కనెక్ట్ సెట్టింగ్ ఫోన్‌లో ఉంటే ఆపండి. తర్వాత వెళ్లి అడగండి. నిజంగా ఇంతే:

"పిన్నీ, మీ వైఫైకి పాస్‌వర్డ్ లేదు, రోడ్డు మీద పోయేవాళ్లు కూడా వాడేస్తారు. నేను పెట్టిపెడతాను. పరీక్ష అయ్యేదాకా నన్ను కాస్త వాడుకోనిస్తారా?"

"దానికేటి బాబూ, వాడుకో. మా పిల్లడికి ఆన్‌లైన్ క్లాసున్నప్పుడు మాత్రం సినిమాలు పెట్టకు."

ఆ రెండో వాక్యం కూడా అనుమతిలో భాగమే, గుర్తుంచుకోండి. ఇంటికొచ్చాక "థాంక్స్ పిన్నీ, వాడుకోమన్నారు కదా" అని వాట్సాప్‌లో ఓ ముక్క పంపితే రాతపూర్వకంగా కూడా ఉంటుంది. ఆరో తరగతి పిల్లాడు చాక్లెట్‌కి పాస్‌వర్డ్ చెప్పేస్తే అది అనుమతి కాదు, ఆ కనెక్షన్ బాధ్యత వాడిది కాదు. ఇంకో మెలిక: ఆ కనెక్షన్ ఆ ఇంటివరకే అని కంపెనీ షరతుల్లో రాసి ఉండొచ్చు, పిన్ని ఒప్పుకున్నంత మాత్రాన ఆ షరతు పోదు. అందుకే నెలనెలా బిల్లు సగం పంచుకునే ఏర్పాటు పెట్టుకునేముందు ఆ కాగితం చదవమనండి.

మాటిచ్చారు కాబట్టి పాస్‌వర్డ్ పెట్టిపెట్టండి. రౌటర్ పేజీ తెరవడానికి వాళ్ల ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ కొట్టండి, తెరుచుకోకపోతే అడ్రస్ కోసం రౌటర్ కింద అతికించిన స్టిక్కర్ చూడండి. వైర్‌లెస్ సెక్యూరిటీ దగ్గర ఓపెన్ (అంటే తాళం లేదు) అని ఉన్నదాన్ని డబ్ల్యూపీఏ2 అనే తాళం రకానికి మార్చండి, డబ్ల్యూపీఏ3 కనిపిస్తే ఇంకా మంచిది. డబ్ల్యూఈపీ అనే పాత రకం జోలికి వెళ్లకండి, దాన్ని 2001లోనే ఛేదించేశారు. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్ నంబర్‌తోనో కలిపే సదుపాయం) ఉంటే ఆపెయ్యండి. కొత్త పాస్‌వర్డ్ పిన్నే టైప్ చెయ్యాలి, మీరు పక్కకి తిరగండి. గెస్ట్ నెట్‌వర్క్ (బయటివాళ్ల కోసం అదే రౌటర్‌లో వేరుగా ఉండే వైఫై) ఉంటే మీకు అందులోనే చోటివ్వమనండి, వాళ్ల టీవీ, సీసీ కెమెరా మీ ఫోన్‌కి కనిపించాల్సిన పని లేదు.

అడగడానికి మొహమాటమైతే ఎవరినీ అడగక్కర్లేని నెట్ కూడా ఉంది. రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ ఇచ్చే రైల్‌వైర్ వైఫైకి ఫోన్ నంబర్ ఇచ్చి ఓటీపీ కొడితే చాలు, రోజుకి మొదటి అరగంట ఉచితం. 2020 డిసెంబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన పీఎం-వాణి అనే పబ్లిక్ వైఫై పథకంలో కిరాణా కొట్టువాళ్లు కూడా చిన్న ప్యాకులు అమ్ముకోవచ్చు. ఇవి జనం కోసమే పెట్టినవి, అనుమతి ముందే ఇచ్చేసినట్టు.

ఈ వారం ఇంటిపని: మీ సొంత రౌటర్ పేజీలో కనెక్టెడ్ డివైసెస్ జాబితా తెరవండి. ఒక్కో పేరు పక్కన అది ఇంట్లో ఎవరి ఫోనో, ఏ టీవీయో కాగితం మీద రాయండి. ఎవరిదో తెలియని పేరు తగిలితే వెంటనే తీసెయ్యకండి, కాగితం మీద గుర్తు పెట్టి ఉంచండి. దాన్ని ఎలా పట్టుకోవాలో అయిదో పాఠంలో చూద్దాం.