చేపల బండికి తుప్పు పట్టిందా? పుట్టీ డబ్బా తెరిచే ముందు ఇది చదవండి

మా టాటా ఏస్‌కి పదమూడేళ్లు. భీమవరం చుట్టుపక్కల చెరువుల దగ్గర చేపలు, రొయ్యలు ఎక్కించుకుని తిరిగే బండి కాబట్టి ఐస్ కరిగిన నీళ్లు, ఉప్పు, బురద మూడూ రోజూ తగులుతూనే ఉంటాయి. ఇంజిన్ బాగుంది, గేర్లు బాగున్నాయి, పోతున్నది ఒక్క రేకే. మీ బండిదీ ఇదే పరిస్థితి అయితే అమ్మేయాల్సిన పనిలేదు, కానీ నేను మొదటిసారి చేసిన తప్పు మాత్రం చేయకండి. అప్పట్లో ఒక షెడ్డులో ఇచ్చాను, తుప్పు మీద పైపైన రుద్ది, మందంగా పుట్టీ పెట్టి, రంగు కొట్టి ఇచ్చారు. అద్దంలా మెరిసింది. ఒక్క వానాకాలం దాటేసరికి తలుపు కింది అంచున బొబ్బలు లేచాయి, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోయి గుప్పెడు ఎర్రపొడి రాలింది.

ఎందుకలా అవుతుందంటే, ఇనుము తుప్పుగా మారినప్పుడు అంతకుముందు కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే పైనున్న రంగునీ పుట్టీనీ కిందనుంచి ఎత్తేస్తుంది. పైగా పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది, దాని కింద తుప్పు మిగిలి ఉంటే తడిగుడ్డ కప్పి పెట్టినట్టే. కాబట్టి మెరిసే ఇనుము కనపడేదాకా వెళ్లాలి, అంతకన్నా ముందు ఆగితే పెట్టిన డబ్బంతా నీళ్లపాలే.

ముందు బండి మొత్తం కడిగి ఆరనిచ్చి, ఒక అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి రేకు మీద జరుపుతూ వెళ్లండి. ఎక్కడ పట్టు వదులుతుందో అక్కడ పాత పుట్టీ ఉన్నట్టు. తలుపుల కింది అంచులు, చక్రాల పైన మడ్‌గార్డ్ లోపలి మడత, క్యాబిన్‌లో కాళ్ల కింద మ్యాట్ ఎత్తితే కనపడే రేకు, వెనక తొట్టి మూలలు, డాలా (తొట్టికి తెరుచుకునే పలక) అతుకులు, ఇవన్నీ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కి చూడండి. దిగితే ఆ రేకు పోయినట్టే, దిగకపోతే పైపై తుప్పు, దాన్ని గీకేస్తే సరిపోతుంది. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: చాసిస్, క్యాబిన్ చాసిస్ మీద కూర్చునే బోల్టుల చుట్టూ ఉన్న భాగం, కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) తగిలే చోటు, సీటు బెల్టు బిగించిన చోటు, వీటిలో బొక్క కనిపిస్తే ఇంట్లో పని పెట్టుకోకండి. అది ప్రాణాల సంగతి, మంచి మేస్త్రికే చూపించండి.

డబ్బు ఎక్కడ మిగులుతుందంటే రంగులోనో రేకులోనో కాదు, కూలిలో. కోయడం, గీకడం, ముక్క కొలిచి కత్తిరించడం, బిగించి సరిచూడడం, రోజుల తరబడి పట్టే పనులన్నీ ఇవే, వీటికి ఓపిక చాలు. వెల్డింగ్ ఒక్కటే చెయ్యి తిరిగినవాళ్లు చేయాలి. అందుకే అన్నీ ఇంటి దగ్గర సిద్ధం చేసుకుని, బండిని వెల్డర్ దగ్గరికి తీసుకెళ్లి, ఆ గంట పనికి మాత్రమే డబ్బులిచ్చాను.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. నాలుగంగుళాల గ్రైండర్ అద్దెకు దొరుకుతుంది, దాని గార్డ్ తీసేసి మాత్రం వాడకండి. కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. డీజిల్ ట్యాంకు దగ్గర గ్రైండర్ పెట్టాల్సి వస్తే ముందు ట్యాంకు దింపండి, పక్కన బకెట్‌లో ఇసుక ఉంచుకోండి. ముందు అద్దం మీద తడి గోనె సంచి కప్పండి, లేకపోతే నిప్పురవ్వలు అద్దానికి అంటుకుని చిన్న చిన్న గుంటలు పడతాయి, ఆ మరకలు మళ్లీ పోవు.

బొక్క ఎంత ఉందో అంతే కోస్తే సరిపోదు, చుట్టూ ఒక అంగుళం మంచి ఇనుము కనపడేదాకా కోయాలి. మూలలు గుండ్రంగా రావాలి, సూదిమూల ఉన్న చోట తర్వాత పగులు మొదలవుతుంది. పాత క్యాలెండర్ అట్టని బొక్క మీద పెట్టి పెన్సిల్‌తో గీసి ముక్క కత్తిరించుకుంటే అదే కొలత. రేకు కోసం నేను కొత్తది కొనలేదు, పాత సామాన్ల కొట్టులో బీరువా తలుపు ఒకటి తెచ్చుకున్నాను, మందం దాదాపు సరిపోయింది, మొత్తం బండికి అదే వచ్చింది. తలుపు కింది భాగమంతా పోతే మాత్రం ముక్కలు అతుక్కుంటూ కూర్చోకుండా విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత తలుపే వెతుక్కోవడం మేలు. జీఐ రేకు వాడితే వెల్డింగ్ చేసే అంచున పైనున్న జింకు పూత పూర్తిగా గీకేయండి, అది కాలిన పొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది.

వెల్డర్‌ని ఎంచుకునేటప్పుడు సీఓటూ మిషన్ (గ్యాస్ వదులుతూ సన్నటి తీగతో అతికేది) ఉందా అని అడగండి. మామూలు ఆర్క్ రాడ్డుతో ఈ పల్చటి రేకు కాలిపోయి కొత్త బొక్కలు పడతాయి. ఒక చివరి నుంచి వరసగా లాగేయకుండా ఇక్కడో చుక్క, ఎదురుగా ఇంకో చుక్క పెట్టుకుంటూ, మధ్యలో చల్లారనిస్తూ చేయమనండి, లేకపోతే వేడికి రేకు వంకర తిరుగుతుంది.

వెనక తొట్టి నేలకీ పక్కలకీ వెల్డింగ్ లేకుండానే పని అయిపోతుంది. ముక్క బొక్క కన్నా అంగుళం పెద్దగా ఉండాలి, రెండు వైపులా ప్రైమర్ కొట్టి ఆరాక, మధ్యలో పీయూ సీలెంట్ (సందు మూసే రబ్బరులాంటి జిగురు) పూసి, రెండంగుళాలకొకటి రివెట్ కొట్టండి. అల్యూమినియం రివెట్లు చవక, కానీ ఉప్పునీళ్లలో ఇనుముతో కలిసి ఉంటే అవే ముందు తినేసుకుపోతాయి, స్టీలువి అడగండి.

గీకిన ఇనుము మీద సన్నటి గుంటల్లో నల్లటి చుక్కలు మిగులుతాయి. అక్కడ ఫాస్ఫారిక్ ఆసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ చేతికి తొడుగులు వేసుకుని రాయండి, డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచి, మంచినీళ్లతో బాగా కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. ఆసిడ్ మిగిలితే ప్రైమర్ అంటుకోదు. ఆరిన రోజే ప్రైమర్ పడాలి, మన గోదావరి జిల్లాల గాలికి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. రెడ్ ఆక్సైడ్ చవక, నిజమే, కానీ దాంట్లోంచి తేమ మెల్లగా దిగుతుంది. రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్‌కి ఖర్చు పెట్టండి. ఈ పని మొత్తంలో పిసినారితనం చేయకూడని చోటు ఇదొక్కటే.

ఇప్పుడు పుట్టీ. ఆరిన ఎపాక్సీని కొద్దిగా గరుకు చేసి దాని మీద పెట్టండి, మందం మూడు మిల్లీమీటర్లు దాటనివ్వకండి. వంద గ్రాముల పుట్టీకి రెండు గ్రాముల హార్డ్‌నర్ చాలు, ఎండాకాలంలో నాలుగైదు నిమిషాల్లో గట్టిపడుతుంది కాబట్టి కొంచెం కొంచెమే కలుపుకోండి. 80 నంబర్ పేపర్‌తో మొదలుపెట్టి 180కి రండి, ఇదంతా పొడిగానే రుద్దాలి. నీళ్లు పోసి రుద్దితే పుట్టీ తాగేస్తుంది. దానిపైన మళ్లీ ప్రైమర్ పడి ఆరాకే 400 వాటర్ పేపర్, నీళ్లు.

రంగు విషయం తొందరగా చెప్పేస్తాను. తొట్టికి బ్రష్‌తో ఎనామిల్ రెండు కోట్లు చాలు. క్యాబిన్‌కి షాపులో రంగు కలిపించుకోండి, అయితే పాత ఎనామిల్ మీద ఎన్‌సీ పెయింట్ (త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ రంగు) కొట్టకండి, దాని థిన్నర్‌కి కింది రంగు ముడతలు పడి లేస్తుంది. పీయూ పెయింట్ (హార్డ్‌నర్ కలిపి కొట్టే రంగు) అయితే స్ప్రే ఇంట్లో పెట్టుకోకండి, ఆ ఆవిరి ఊపిరితిత్తులకి చాలా చెడు, గుడ్డ మాస్క్ ఆపదు. ఆర్‌సీలో రాసిన రంగే వేయండి, తీసిన రిఫ్లెక్టర్ టేపు మళ్లీ అంటించండి, ఫిట్‌నెస్ దగ్గర టెన్షన్ ఉండదు. సంక్రాంతి తర్వాత ఉగాది లోపు చేసుకుంటే మంచిది, అప్పుడు కూడా పొద్దున మంచు పూర్తిగా ఆరాకే కొట్టండి.

తలుపుల అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి, బురదతో మూసుకుపోయి ఉంటాయి, సైకిల్ ఊచతో గుచ్చి తీయండి, సగం తుప్పు మొదలయ్యేది అక్కడే. తలుపు లోపలికి క్యావిటీ వ్యాక్స్ (కనపడని సందుల్లోకి కొట్టే మైనం) కొట్టండి. చాలామంది కాలిన ఇంజిన్ ఆయిల్ పోస్తారు, అది రబ్బర్లని పాడుచేస్తుంది, చర్మానికీ మంచిది కాదు.

ఇక రోజూ లోడు దించాక కడగడం. మా వైపు చాలా బోర్లలో ఉప్పునీళ్లే, వాటితో కడిగితే కడగనట్టే, కాలవ నీళ్లో పంచాయతీ కుళాయి నీళ్లో పట్టుకోండి. ఐస్ నీళ్లు కారే చోట ఒక గార్డెన్ పైపు ముక్క బిగించి చాసిస్‌కి తగలకుండా నేల మీద పడేలా వదిలేయండి. నేను ఆ పైపు పెట్టి రెండు వానాకాలాలు గడిచాయి, దాని కింద చాసిస్ మీద రంగు ఇప్పటికీ లేవలేదు.