ఏడు చేపల కథతో వారం రోజులు: ఒకటి, రెండు తరగతుల పిల్లలతో పుస్తకం పట్టించడం ఎలా

పిల్లలకి చదవడం ఇష్టం లేదు అని మనం ఊరికే అనేస్తాం గానీ ఒకటి, రెండు తరగతుల పిల్లలకి కథ అంటే ప్రాణం, అక్షరం అంటేనే బెదురు, ఎందుకంటే అక్షరం అనగానే వాళ్లకి గుణింతాల చార్టు, పదిసార్లు రాసుకురా అనడం, ఇవే గుర్తొస్తాయి. అందుకే నేను చెప్పేది ఒకటే, కొత్త కథతో మొదలుపెట్టొద్దు, వాళ్ల నోటికి ముందే వచ్చిన కథని అచ్చులో చూపించండి. దానికి మన ఏడు చేపల కథని మించింది లేదు.

ఎందుకంటే ఆ కథంతా ఒకే ప్రశ్న. చేపా చేపా ఎందుకు ఎండలేదు, గడ్డి అడ్డమొచ్చింది. గడ్డీ గడ్డీ ఎందుకు అడ్డమొచ్చావ్, ఆవు మేయలేదు. వాక్యం అదే, అందులో ఒకటి రెండు మాటలే మారతాయి, తర్వాత ఏమొస్తుందో పిల్లాడికి ముందే తెలుసు కాబట్టి వాడి కన్ను ఆ మాట కోసం పేజీలో వెతుకుతుంది. ఇంకో లాభం ఏంటంటే గడ్డి, అడ్డం, అవ్వ, బువ్వ, పుట్ట, కుట్టింది, అన్నీ ద్విత్వాలే, ఏ అక్షరానికి ఆ వత్తే. వత్తుల పాఠం మళ్లీ విడిగా మొదలుపెట్టక్కర్లేదు, సగం పని ఇక్కడే అయిపోతుంది. "ఏడ్చింది" ఒక్కటే కాస్త కష్టం, దాన్ని అప్పుడే పట్టుకుని వేలాడకండి, కథతో పాటు అదే వస్తుంది.

ముందు పెద్ద పుస్తకం తయారు చేసుకోండి. పాత క్యాలెండర్ షీట్ల వెనక వైపు బాగా పనికొస్తుంది. ఒక్కో షీట్ మీద ఒక ప్రశ్న, ఒక జవాబు, అంతే. అక్షరాలు రెండు వేళ్లంత ఎత్తు ఉండాలి, నల్ల మార్కర్, వెనక కూర్చున్న పిల్లకి కూడా కనిపించాలి. పైన సగం ఖాళీ వదిలేయండి, బొమ్మలు పిల్లలే వేస్తారు.

మొదటి రోజు పిల్లల్ని కింద అర్ధచంద్రంలా కూర్చోబెట్టండి. షీట్లు మీ మొహానికి అడ్డంగా కాకుండా పక్కకి పట్టుకుని, ప్రతి మాట కింద వేలు జరుపుతూ చదవండి, గబగబా వద్దు. "చీమా చీమా ఎందుకు కుట్టావ్" దగ్గర ఆగి ఊరుకోండి. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అని క్లాసు మొత్తం అరుస్తుంది, అప్పుడు ఆ లైన్ మీద వేలు పెట్టి మళ్లీ చదవండి. అయిపోయాక మాత్రం దయచేసి ఈ కథలో నీతి ఏంటి అని అడగకండి. కథ వినడానికి కూడా పరీక్ష ఉంటుందని పిల్లాడికి అనిపించిందంటే ఇక వాడు పుస్తకం దగ్గరికి రాడు.

రెండో రోజు ఆడించండి. చేప, గడ్డి, ఆవు, పాలేరు, అవ్వ, పాప, చీమ, ఈ మాటలు అట్టల మీద రాసి మెడలో వేయండి, బొమ్మ వద్దు, మాట మాత్రమే. ఎవరిని అడగాలో తెలియాలంటే అట్ట చదవాల్సిందే కదా. నోరు విప్పని పిల్లలకి పాత్ర ఇచ్చి ఇబ్బంది పెట్టకుండా అందరితో కలిసి "ఎందుకు" అనే పని ఇవ్వండి, రెండు మూడు సార్లు అయ్యేసరికి వాళ్లే లేచొస్తారు.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ తర్వాతి పని. వాక్యాల్ని పట్టీలుగా రాసి మాట మాటకీ కత్తిరించి, ఇద్దరేసి పిల్లలకి ఒక కవరు ఇవ్వండి, నేల మీద పేర్చుకుంటారు. వాళ్లకి బాగా వచ్చాక మీరే ఒక పట్టీ మార్చి "ఆవా ఆవా ఎందుకు ఎండలేదు" అని పెట్టి చూడండి. నవ్వాడంటే వాడు చదివినట్టే! నవ్వని పిల్లలు ఎవరో గమనించండి, వాళ్లు ఇంకా గుర్తుపెట్టుకుని చెప్తున్నారు గానీ చదవట్లేదు, రేపు వాళ్ల పక్కన కూర్చుని వేలు పెట్టి చదివించాల్సింది మీరే. దీనికి మార్కులు వేయకండి.

ఇంటికి పంపేటప్పుడు నాయనమ్మనో అమ్మమ్మనో ఈ కథ అడిగి రమ్మనండి. ఒకరింట్లో పాలేరు, ఇంకొకరింట్లో గొల్లపిల్లాడు, ఒక చోట గడ్డిమోపు, ఇంకో చోట గడ్డివాము ఉంటుంది, ఎవరు ఎలా చెప్తే అలాగే బోర్డు మీద రాయండి. తెలంగాణ పిల్లాడు "ఎందుకు ఎండలే" అంటే అదే రాయండి, దిద్దొద్దు. ఇంట్లో లంబాడీయో గోండీయో మాట్లాడే పిల్లలుంటే చేపని, చీమని వాళ్లేమంటారో అడిగి తెలుగు అక్షరాల్లో పక్కనే రాయండి, ఆ రోజు ఆ పిల్లలే టీచర్లు. అమెరికాలో వీకెండ్ తెలుగు క్లాసులు చెప్పేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, అక్కడి పిల్లలు చాలామందికి ఈ కథ చెవిన పడి ఉండదు, ముందు రెండు మూడు క్లాసులు నోటితో చెప్పి తర్వాతే షీట్లు తీయండి.

వారం చివర్లో ఎవరి పుస్తకం వాళ్లు చేసుకోవాలి. ఒక ఏ4 కాగితాన్ని పొడవునా మధ్యకి మడిచి విప్పండి, తర్వాత అడ్డంగా సగానికి, మళ్లీ సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్లు వస్తాయి. అడ్డంగా ఒక్కసారే మడిచి, మడత వైపు నుంచి మధ్య గీత మీద తర్వాతి గీత దాకా కత్తిరించండి. విప్పి పొడవునా మడిచి రెండు చివర్లూ లోపలికి నొక్కితే మధ్యలో చీలిక తెరుచుకుంటుంది, చుట్టూ మడిచేస్తే ఎనిమిది పేజీల పుస్తకం, పిన్ను అక్కర్లేదు. ముందు అట్ట మీద పేరు, తర్వాత ఆరు పేజీల్లో చేప నుంచి పాప దాకా, వెనక అట్ట మీద చీమ. సరిగ్గా సరిపోతుంది. కత్తిరించే పని మాత్రం మీరే చేయండి. స్పెల్లింగులు తప్పు రాసినా ఎర్ర పెన్ను తీయకండి, వాళ్ల పేరు "రాసినవాళ్లు" అని అట్ట మీద ఉంటే చాలు, ఇంట్లో అందరికీ చదివి వినిపిస్తారు.

ఆ ఊపులోనే అచ్చు పుస్తకాలు చేతికివ్వండి. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఫ్రీగా దొరుకుతాయి, ప్రింట్ కూడా తీసుకోవచ్చు, రాసినవాళ్ల పేరు, బొమ్మలేసినవాళ్ల పేరు మాత్రం తీసేయకూడదు. లెవెల్ 1తో మొదలుపెట్టండి, పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. సికింద్రాబాద్‌లో "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్ల పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి తక్కువ ధరలో వస్తాయి, స్కూల్ గ్రాంటులో కొన్నయినా కొనొచ్చు. కొన్నాక బీరువాలో పెట్టి తాళం వేయకండి, ఇది బతిమాలి చెప్తున్నా. పిల్లల ఛాతీ ఎత్తులో గోడకి తాడు కట్టి పుస్తకం మధ్య పేజీ దగ్గర తాడు మీద వేలాడదీసి బట్టల క్లిప్పు పెట్టండి, అట్ట కనిపించాలి, వాళ్లంతట వాళ్లే తీసుకోవాలి. చిరుగుతాయి, చిరగనివ్వండి, శుక్రవారం సాయంత్రం టేపు, గమ్ము ఇచ్చి పిల్లలతోనే అతికించండి, ఆ అతికించే పిల్లలు మధ్యలో పని ఆపేసి చదువుకుంటూ కూర్చుంటే బెల్లు కొట్టేదాకా కదిలించకండి.