పాత తెలుగు నవల 20వ పేజీ దాటట్లేదా, అయితే ఇలా చదివి చూడండి

పోయిన సంక్రాంతికి మా పిన్ని కూతురు ఊరొచ్చినప్పుడు, అక్కా అందరూ గొప్ప నవల గొప్ప నవల అంటారు, నేను మూడుసార్లు మొదలెట్టాను, మూడుసార్లూ 20వ పేజీ దగ్గరే ఆగిపోయింది, నాకు తెలుగు రాదేమో అంది. ఆ మాటకి నాకు చాలా బాధేసింది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా తెలుగే మాట్లాడే పిల్లకి తెలుగు రాకపోవడం ఏంటండీ. నీకు రాక కాదే, నువ్వు మొదలెట్టిన చోటు తప్పు అని చెప్పి, తర్వాత వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టుకుంటూ వచ్చాను. అవే కాస్త కూడదీసి ఇక్కడ రాస్తున్నా, ఇంకెవరికైనా పనికొస్తాయని.

తను మొదలెట్టింది కందుకూరి వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము. 1878లో వివేకవర్ధిని పత్రికలో వచ్చింది, తెలుగు నవలల్లో మొదటిది అంటారు, అందుకని అందరూ అక్కణ్ణించే మొదలెడతారు. ముందు వచ్చింది కదా అని ముందు చదవక్కర్లేదు. ఆ భాష గ్రాంథికం, చెవికి అలవాటవ్వాలి, అలవాటు లేకుండా దిగితే ఎవరికైనా కష్టమే. దాన్ని చివర్లో పెట్టుకోండి, అప్పుడు ఎలా చదవాలో కింద చెప్తాను.

ముందు కథలు పట్టుకోండి. అదీ మన గోదావరి వైపు వాళ్ళవి. మనవాళ్ళే గొప్ప అని కాదు, ఆ మాటలు ఇప్పటికీ మన వీధి అరుగుల మీద వినబడతాయి కాబట్టి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారిది అనపర్తి దగ్గర పొలమూరు, 1891లో పుట్టారు. ఆయన కథల్లో మనుషులు మాట్లాడుకుంటూ పోతారంతే, ఎవరు ఏ మాటంటున్నారో పక్కన రాయకపోయినా గొంతుని బట్టి తెలిసిపోతుంది. వడ్లగింజలు అని ఒక కథుంది, పెద్దాపురం సంస్థానం, చదరంగం ఆట. చదరంగం రాకపోయినా ఫర్వాలేదు, నాకూ రాదు, అయినా ఆట నడుస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టి చదివాను.

ఇక్కడే అసలు కిటుకు చెప్పాలి. పైకి చదవండి. మనసులో కాదు, నోటితో, ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని. నేనేం చెప్పినా దీని తర్వాతే. ఎందుకంటే ఈ రచయితలు చెవితో రాసినవాళ్ళు, కళ్ళతో గబగబా చదివేస్తే వాక్యం పొడుగ్గా ఉంది అనిపిస్తుంది, నోటితో చదివితే ఎక్కడ ఆగాలో వాక్యమే చెప్తుంది. వినేవాళ్ళు లేకపోతే ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి, అదీ పనిచేస్తుంది గానీ మనిషి ఉంటే వచ్చేది వేరు.

నాకెలా తెలిసిందంటే, రెండేళ్ళ కిందట ఒక రాత్రి మా ఇంట్లో కరెంటు పోయింది, బయట వాన, అమ్మ మంచం మీద పడుకుని నిద్ర పట్టక దొర్లుతోంది. ఫోన్ లైట్ వేసుకుని పాలగుమ్మి పద్మరాజు గారి గాలివాన చదివి వినిపించడం మొదలెట్టాను. ఆయనదీ మన వైపే, పశ్చిమ గోదావరి, ఈ కథకి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక వాళ్ళ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. పద్ధతి ప్రకారం బతికే రావుగారు, రైల్లో ఆయన చీదరించుకున్న ఒక ముష్టి ఆవిడ, ఆ రాత్రి తుఫాను. స్టేషన్లో గాలి మొదలయ్యే చోటికి వచ్చేసరికి అమ్మ లేచి కూర్చుంది. "ఆగవే" అంది. "96లో కూడా ఇలాగే, ముందు ఒక వైపునుంచి కొట్టింది, కాసేపు నిశ్శబ్దం, అయిపోయిందనుకుని మీ నాన్న తలుపు గడియ తీశారు, అప్పుడు రెండో వైపునుంచి కొట్టింది" అంది. 1996 నవంబరు తుఫాను అప్పుడు నేను చిన్నదాన్ని, కొబ్బరిచెట్లు పడిపోవడం గుర్తుంది గానీ ఈ గడియ సంగతి అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా. తెల్లారి మూడింటిదాకా కూర్చున్నాం, కథ సగం, మా ఇంటి కథ సగం. చివర ఏమవుతుందో నేను చెప్పను, కానీ అది అయ్యాక అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "రావుగారు ఇంటికెళ్ళి పెళ్ళాంతో చెప్పి ఉంటాడంటావా" అని అడిగింది. నాకు ఇప్పటికీ జవాబు తెలీదు.

ఇక తెలియని మాటల సంగతి. ప్రతి మాటకీ ఆగి నిఘంటువు చూడకండి, కథ చచ్చిపోతుంది. పేజీకి మూడు నాలుగు తెలియకపోయినా వెళ్ళిపోండి, పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకోండి చాలు. తర్వాత ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, వాళ్ళకీ తెలియకపోతే అప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైట్లో వెతకండి, అందులో చాలా నిఘంటువులు ఒకే చోట దొరుకుతాయి. పెద్దవాళ్ళని ముందు ఎందుకంటున్నానంటే, పద్మరాజు గారిదే పడవ ప్రయాణం చదువుతూ మా వీధి చివర తాతగారిని ఒక మాట అడిగాను. ఆయన అర్థం చెప్పి ఊరుకోలేదు, కాలవ గట్టు మీద తాడు భుజానేసుకుని పడవ ఎలా లాగేవారో నాలుగడుగులు నడిచి చూపించారు, ముందుకి వంగి, మడమ నేలకి ఆనకుండా. లాకుల దగ్గర తలుపులు తీసేదాకా పడవలు వరసగా ఆగేవిట, అక్కడే వంటలూ పాటలూ. ఇవేవీ నిఘంటువులో దొరకవు.

కొలతలూ డబ్బులూ మాత్రం ఒకసారి రాసి పెట్టుకోండి, పాత పుస్తకాల్లో పదేపదే వస్తాయి. ధాన్యం కొలతలో రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. రూపాయికి 16 అణాలు, నయాపైసలు వచ్చింది 1957లో. ఇవి తెలిస్తే ఎవడు ఎంత ఇచ్చాడో, అది ఎక్కువో తక్కువో మీకే తెలుస్తుంది.

కథలు ఒక పది అయ్యాక నవలలోకి రండి. మొదటి నవలగా నేనైతే బారిస్టర్ పార్వతీశం ఇస్తాను, మొక్కపాటి నరసింహశాస్త్రి గారిది, మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదవడానికి ఇంగ్లండు బయల్దేరతాడు. మూడు భాగాలు, మొదటిది చదివేస్తే మిగతావి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత బుచ్చిబాబు గారి చివరకు మిగిలేది. దీన్ని మాత్రం ఒక్క ఊపులో చదవకండి, దయచేసి. రోజుకి పది పన్నెండు పేజీలు, పొద్దున్నపూట. దయానిధి అనే డాక్టరు, తల్లి గురించి లోకం అనే మాటలు జన్మంతా మోసేవాడు, బయట జరిగేది తక్కువ లోపల నడిచేది ఎక్కువ. డిగ్రీలో చదివినప్పుడు నాకు దయానిధి మీద కోపం వచ్చింది, ఏం తేల్చుకోడేంటి ఈ మనిషి అని. 38 ఏళ్ళకి మళ్ళీ చదివితే అతని పక్కన కూర్చోవాలనిపించింది. నా లెక్కలో తెలుగులో దీన్ని మించిన నవల లేదు, కాదన్నవాళ్ళతో ఎంతసేపైనా వాదిస్తాను.

ఇప్పుడు రాజశేఖర చరిత్రము. పాత ప్రతులు స్కాన్ చేసినవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి, పుస్తకం చేత్తో పట్టుకోవాలనుకుంటే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళి అడగండి. పాత అచ్చులో అరసున్నా (ఁ) కనబడితే దాన్ని వదిలేసి చదివేయండి, అర్థం చెడదు. "అతఁడు పడవ యెక్కి పోవుచుండెను" లాంటిది కనబడితే నోట్లో "అతను పడవెక్కి వెళ్తున్నాడు" అనుకోండి. కొన్ని పుస్తకాల్లో "అతఁడు సెప్పెను" అని ఉంటుంది, అచ్చుతప్పు కాదు, చెప్పెనే. ఇలా ఒక పది పేజీలు మార్చుకుంటూ చదివితే పదకొండో పేజీనుంచి మార్చుకోవాల్సిన పని ఉండదు, నిజంగా.

ఇంకోటి, ఆ నవల ధవళేశ్వరం వర్ణనతోనే, గోదారితోనే మొదలవుతుంది. మొదటి ప్రకరణం ధవళేశ్వరం వెళ్ళి చదవండి. సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళండి, ఎండ తగ్గుతుంది, వెలుతురుంటుంది. పుస్తకంలో ఉన్నవి ఏవి మిగిలాయో ఏవి లేవో చూసుకుంటూ చదవడానికి గంట పట్టింది నాకు.

చదివిన ప్రతిదానికీ ఒక నోట్‌బుక్ పెట్టండి, కానీ కథాసారాంశం రాయకండి, అది ఎవరైనా రాస్తారు. ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో, పక్కన ఎవరున్నారో రాయండి. నా దాంట్లో గాలివాన పేజీలో "అమ్మ, గడియ" అని రెండే మాటలున్నాయి.

మా పిన్ని కూతురు ఇప్పుడు పార్వతీశం రెండో భాగంలో ఉంది. రోజూ రాత్రి ఫోన్ చేసి నాలుగు పేజీలు పైకి చదువుతుంది, స్పీకర్ పెడితే అమ్మ కూడా వింటుంది, ఒక్క రోజు ఫోన్ రాకపోతే "ఏమే, దానికి ఒంట్లో బాలేదా" అని అడుగుతుంది.