ఎండ కాస్తున్నా డిస్‌ప్లేలో వాన పడుతోందా?

ఇంట్లో పెట్టుకునే వెదర్ స్టేషన్‌కి రెండు భాగాలు: డాబా మీద వాన, గాలి లాంటివి కొలిచే సెన్సార్, ఇంట్లో ఆ లెక్కలు చూపే డిస్‌ప్లే. డిస్‌ప్లేలో అంకెల బదులు గీతలు వస్తే బ్యాటరీ చూడండి. లోపలిది కాదు, డాబా మీద సెన్సార్‌లోది. 1.2 వోల్టుల రీచార్జబుల్ సెల్స్ వేసి "నిన్ననే మార్చాం కదా" అంటారు చాలామంది. 1.5 వోల్టులవి వేయండి. అప్పటికీ రాకపోతే మధ్యలో రేకుల కప్పు అడ్డుందేమో చూసి, డిస్‌ప్లేని కిటికీ దగ్గరికి జరపండి.

విశాఖలో గాలి ప్రెషర్ 1005 హెక్టోపాస్కల్స్ ఉంటే ఒడిశా కొండల్లోని కొరాపుట్‌లో మీకు 910 చూపిస్తోందా? ఏమీ పాడవలేదు. కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది మరి. సెట్టింగ్స్‌లో మీ ఊరి ఎత్తుకు తగ్గట్టు రిలేటివ్ ప్రెషర్ (సముద్రమట్టానికి లెక్కగట్టిన ప్రెషర్) సరిచేసుకోండి. జయపురం వాళ్లు కొరాపుట్ లెక్క వాడొద్దు, ఘాట్ దిగితే ఎత్తు తగ్గుతుంది.

అసలు తిప్పలు పెట్టేది వాన లెక్క. రాత్రి కుండపోత పడుతుంది, డిస్‌ప్లే మాత్రం సన్నజల్లు అంటుంది. తెల్లారి ఎండ వచ్చాక కూడా ఆ జల్లు ఆగదు. మొత్తం మిల్లీమీటర్లు ఇంచుమించు సరిపోతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సెన్సార్ పోయిందని కొత్తది వెతుకుతారు. సెన్సార్‌లో వాన నీళ్లు పట్టే గరాటా మూత తీసి చూశారా అని అడిగితే మాత్రం జవాబుండదు.

వేసవంతా గరాటాలో పేరుకున్న ఎర్రదుమ్ము తొలకరికి బురదై, పిట్టల రెట్టతో, సిల్వర్ ఓక్ ఆకులతో కలిసి అడుగు రంధ్రాన్ని సగం మూస్తుంది. నీళ్లు పైన నిలిచి, గంటల తరబడి చుక్కలుగా దిగుతాయి. వాన మరీ గట్టిగా పడితే గరాటా పొర్లి లెక్క తగ్గుతుంది కూడా. పైనుంచి చూస్తే శుభ్రంగానే కనిపించొచ్చు, కాబట్టి విప్పాల్సిందే.

ముందు బ్యాటరీ తీయండి, లేకపోతే మీరు కడిగిన నీళ్లూ వానలో కలుస్తాయి. రంధ్రాన్ని చీపురు పుల్లతో తీయండి. మేకుతో పొడిచి పెద్దది చేయొద్దు. లోపల అటూ ఇటూ ఒరిగే చిన్న తొట్టి ఉంటుంది. దానికున్న అయస్కాంతం రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే పనిచేసే చిన్న స్విచ్) పక్కనుంచి వెళ్లిన ప్రతిసారీ ఒక లెక్క పడుతుంది. ఆ తొట్టి కింద సాలెగూడు ఉంటే అస్సలు ఒరగదు, వాన సున్నా. తొట్టిని మెత్తని బ్రష్‌తో తుడవండి. నూనె వేయొద్దు, దుమ్ము అంటుకుంటుంది. బిగించేటప్పుడు మేస్త్రీ రసమట్టంతో సరిచూడండి.

తర్వాత బ్యాటరీ పెట్టి పరీక్ష. గరాటా నోరు 11.3 సెంటీమీటర్ల వ్యాసం ఉంటే వైశాల్యం దాదాపు 100 చదరపు సెంటీమీటర్లు, అంటే 100 మిల్లీలీటర్ల నీళ్లకు 10 మిల్లీమీటర్లు చూపాలి. అడుగున సూదిబెజ్జం పెట్టిన సీసాతో చుక్కచుక్కగా పోయండి. ఒక్కసారిగా గుమ్మరిస్తే లెక్క తక్కువే వస్తుంది, మళ్లీ టెన్షన్ పడతారు.

గరాటా శుభ్రంగా ఉన్నా వాన లేకుండానే లెక్క పెరుగుతుంటే గాలికి సెన్సార్ నిలబెట్టిన పైపు ఊగుతోందన్నమాట, క్లాంపు బిగించండి. పిడుగు, సర్క్యూట్ బోర్డు చిలుము లాంటివి అరుదు. పై పరీక్ష తప్పితేనే వాటి జోలికి వెళ్లండి.