రక్తపు స్మియర్ తయారీ, పరిశీలన: విద్యార్థులకు తొలి పాఠం

సీబీసీ (రక్తకణాల పూర్తి లెక్క) యంత్రం హిమోగ్లోబిన్, కణాల సంఖ్య, ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) వంటి అంకెలను క్షణాల్లో ముద్రించి ఇస్తుంది. కానీ ఆ అంకెలు తేడాగా వచ్చినప్పుడు కారణం ఏమిటో తెలియాలంటే, రక్తాన్ని స్లైడు మీద పలుచగా పరిచి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద కంటితో చూడక తప్పదు. ఈ పలుచని పూతనే స్మియర్ అంటారు. దాన్ని చదవడం రాకపోవడం కంటే సరిగా తీయలేకపోవడమే విద్యార్థులను ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది కాబట్టి ఈ పాఠంలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) గొట్టంలో సేకరించిన రక్తాన్ని గంట రెండు గంటల్లోపే వాడాలి. ఆలస్యమైతే ఎర్రకణాల అంచులు ముళ్లు తేలతాయి, తెల్లకణాల లోపల బుడగలు కనిపిస్తాయి, లేని జబ్బు ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. చేతికి గ్లవ్స్ వేసుకుని, గొట్టాన్ని కుదపకుండా ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేసి, జిడ్డు లేకుండా తుడిచిన స్లైడు మీద, ఒక చివరికి సుమారు 1 సెంటీమీటరు దూరంలో 2–3 మిల్లీమీటర్ల వెడల్పున్న చుక్క పెట్టాలి. మూల విరిచిన మరో స్లైడును స్ప్రెడరుగా (రక్తాన్ని పరిచే సాధనంగా) తీసుకుని, దాని నునుపైన అంచును చుక్కకు ముందు ఆనించి, చుక్కను తాకేదాకా వెనక్కి జరపాలి. రక్తం అంచు పొడవునా పాకగానే 30 నుంచి 45 డిగ్రీల వాలులో, ఎక్కడా ఆగకుండా, ఒకే ఊపున ముందుకు తోయాలి. ఎక్కువ నొక్కితే తెల్లకణాలన్నీ పూత చివరనున్న తోక భాగానికి కొట్టుకుపోతాయి. రక్తహీనత ఉన్నవారి రక్తం పలుచగా ఉంటుంది కనుక వాలు కొంచెం పెంచి వేగంగా తోయాలి. చిక్కని రక్తానికి వాలు తగ్గించాలి. స్లైడులో సగానికి పైగా వ్యాపించి, నాలుక ఆకారంలో, చివర పలుచబడిన పూత వస్తే అది పనికొచ్చే స్మియర్. దాన్ని గాలిలో ఆడిస్తూ వెంటనే ఆరబెట్టాలి. వానాకాలపు తేమలో ఈ పని అలసత్వంతో చేస్తే ఎర్రకణాల మధ్యలో మెరిసే రంధ్రాల వంటివి ఏర్పడి, హిమోగ్లోబిన్ తక్కువైన కణాలుగా పొరపడే ప్రమాదం ఉంది.

ఆరిన పూతకు వేసే రంగును స్టెయిన్ అంటారు, మన దేశంలో ఎక్కువగా వాడేది లీష్మన్ స్టెయిన్. విలియం లీష్మన్ దీన్ని 1901లో వెలువరించాడు. పూత నిండా స్టెయిన్ పోసి రెండు నిమిషాలు ఉంచితే అందులోని మిథనాల్ కణాలను స్థిరపరుస్తుంది. తరువాత దానికి రెట్టింపు పరిమాణంలో పీహెచ్ 6.8 ఉన్న బఫర్ నీరు (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణం) కలిపి ఏడు నుంచి పది నిమిషాలు వదిలేయాలి. ఆపైన స్టెయిన్‌ను ఒంపేయకుండా నీటి ధారతో పైకి తేలగొట్టి కడగాలి, లేకపోతే మడ్డి పూత మీద దిగి ప్లేట్‌లెట్లుగానో మలేరియా క్రిములుగానో కనిపిస్తుంది. అన్నీ నీలంగా కనిపిస్తే బఫర్ క్షారంగా ఉందని, మరీ గులాబీగా ఉంటే ఆమ్లంగా ఉందని ముందుగా అనుమానించాలి.

పరిశీలనను 10ఎక్స్ (పది రెట్లు పెద్దగా చూపే) కటకంతో మొదలుపెట్టి, ఎర్రకణాలు ఒకదానినొకటి తాకీ తాకనట్టున్న చోటును ఎంచుకుని, అక్కడ నూనె వేసి 100ఎక్స్ కు మారాలి. మామూలు ఎర్రకణం చిన్న లింఫోసైటు (ఒక రకం తెల్లకణం) కేంద్రకమంత ఉంటుంది, నడుమ మూడోవంతు పాలిపోయి ఉంటుంది. కణాలు అంతకన్నా చిన్నవై, పాలిపోయిన భాగం విస్తరించి, పెన్సిల్ వంటి పొడవాటి కణాలు కూడా ఉంటే ఇనుము లోపాన్ని, గురి గుర్తు వంటి టార్గెట్ కణాలు విరివిగా ఉంటే తలసేమియాను (హిమోగ్లోబిన్ తయారీలో వంశపారంపర్య లోపాన్ని) అనుమానించాలి. పెద్ద, కోలగా ఉన్న ఎర్రకణాలతోపాటు కేంద్రకం ఆరు తమ్మెలుగా (భాగాలుగా) ఉన్న న్యూట్రోఫిల్ అనే తెల్లకణం ఒక్కటి కనిపించినా బి12 లేదా ఫోలేట్ లోపం వైపు చూడాలి. కొడవలి కణాలు కనబడకపోయినంత మాత్రాన సికిల్ సెల్ లేదని రాయకూడదు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే సికిల్ జన్యువు వచ్చిన వాహకుల స్మియర్ సాధారణంగానే ఉంటుంది, వారికి హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే ఎలక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ పరీక్ష గానీ అవసరం.

డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్ల అంకె చూసి ఇంటిల్లిపాదీ కంగారు పడతారు కనుక, యంత్రం తక్కువ చూపిన ప్రతిసారీ పూత తోక భాగంలో ప్లేట్‌లెట్ల గుంపులున్నాయేమో తప్పక వెతకాలి. గుంపులుంటే ఈడీటీఏ వల్ల కలిగిన దొంగ తగ్గుదల కావచ్చు. అప్పుడు నీలిమూత సిట్రేట్ గొట్టంలో మళ్లీ రక్తం తీసి లెక్కించి, సిట్రేట్ ద్రావణం వల్ల రక్తం పలుచబడుతుంది కాబట్టి వచ్చిన అంకెను 1.1తో గుణించి రిపోర్టులో రాయాలి.