సీరియల్ పోర్ట్ నంబర్ మారిపోతుంటే దానికి పర్మనెంట్ పేరు పెట్టడం ఎలా?

యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్లు రెండు మూడు పెట్టుకుని పనిచేసేవాళ్ళందరికీ ఈ తలనొప్పి తెలిసిందే, లినక్స్‌లో నిన్న టీటీవైయూఎస్‌బీ0 అనే పోర్ట్ పేరుతో ఉన్నది రీబూట్ అయ్యేసరికి టీటీవైయూఎస్‌బీ1 అయి కూర్చుంటుంది, మన స్క్రిప్ట్ ఏమో వేరే బోర్డుకి కమాండ్లు పంపేస్తుంటుంది. అందుకే నంబర్‌ని అస్సలు నమ్ముకోవద్దు, డివైస్ గుర్తింపు పట్టుకుని పేరు పెట్టుకోండి.

ముందు నంబర్ ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. పాత పీసీల్లో కామ్1 (మొదటి సీరియల్ పోర్ట్) అంటే 3ఎఫ్8 అడ్రస్, ఐఆర్‌క్యూ (ప్రాసెసర్‌ని పిలిచే ఇంటరప్ట్ లైన్) 4, కామ్2 అంటే 2ఎఫ్8, ఐఆర్‌క్యూ 3, ఇవి ఫిక్స్. లినక్స్‌లో అదే కామ్1 పేరు టీటీవైఎస్0. యూఎస్‌బీకి అలాంటి ఫిక్స్‌డ్ అడ్రస్ ఏదీ లేదు కాబట్టి డ్రైవర్ ఏది ముందు కనబడితే దానికి ఖాళీగా ఉన్న చిన్న నంబర్ ఇచ్చేస్తుంది. ఒక్కటే అడాప్టర్ ఉన్నా నంబర్ మారుతుంది చూడండి, ఏదో ప్రోగ్రామ్ పోర్ట్ ఓపెన్ చేసి ఉండగా కేబుల్ పీకి మళ్ళీ పెడితే పాత 0 ఇంకా వదల్లేదు కాబట్టి కొత్తగా 1 వస్తుంది.

స్టెప్ 1: (ఈ నాలుగు స్టెప్పులూ లినక్స్‌కి) అడాప్టర్ పెట్టి టెర్మినల్‌లో డీమెస్గ్ (సిస్టమ్ మెసేజ్‌లు చూపించే కమాండ్) కొట్టండి, చివరి లైన్లలో ఏ పేరు వచ్చిందో ఉంటుంది.

స్టెప్ 2: /డెవ్/సీరియల్/బై-ఐడీ ఫోల్డర్ చూడండి. తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబర్ కలిపిన పొడుగు పేర్లు ఉంటాయి, ఒక్కోటీ అసలు పోర్ట్‌కి లింక్. చాలామందికి ఇక్కడితోనే పని అయిపోతుంది, స్క్రిప్ట్‌లో ఆ పొడుగు పేరే రాసేయండి.

స్టెప్ 3: చిన్న పేరు కావాలంటే యూడెవ్ (లినక్స్‌లో డివైస్‌లకి పేర్లు, లింకులు పెట్టే సర్వీస్) రూల్ రాయాలి. యూడెవ్ఏడీఎం ఇన్ఫో కమాండ్‌కి మైనస్ ఏ ఆప్షన్ ఇచ్చి పోర్ట్ వివరాలు తీయండి, వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ, సీరియల్ మూడూ నోట్ చేసుకోండి. ఇక్కడ జాగ్రత్త, ఆ లిస్ట్‌లో పేరెంట్ డివైస్‌లు (ఈ పోర్ట్ దేనికి తగిలించి ఉందో ఆ పై డివైస్‌లు) వరసగా వస్తాయి, ఈ మూడూ ఒకే పేరెంట్ బ్లాక్‌లోంచి తీసుకోవాలి, రెండు బ్లాక్‌లవి కలిపేస్తే రూల్ మ్యాచ్ అవ్వదు, ఎర్రర్ కూడా రాదు, ఎందుకు పనిచేయట్లేదో తెలీక గంటలు పోతాయి. తర్వాత /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డీ లో ఒక ఫైల్ పెట్టి, అందులో ఆ మూడూ రాసి, సిమ్‌లింక్ (అసలు పోర్ట్‌కి లింక్) దగ్గర ప్లస్ ఈక్వల్ గుర్తుతో మీకు నచ్చిన పేరు ఇవ్వండి. కెర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రామ్) పెట్టిన అసలు పేరు మార్చాలని చూడకండి, లింక్ చాలు. రూల్స్ రీలోడ్ చేసి కేబుల్ పీకి పెట్టండి.

స్టెప్ 4: సీహెచ్340 లాంటి చవక చిప్‌లలో చాలావాటికి సీరియల్ నంబరే ఉండదు, అలాంటివి రెండు పెడితే బై-ఐడీలో ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. వీటికి పక్కనే ఉండే /డెవ్/సీరియల్/బై-పాత్ ఫోల్డర్ ఒక్కటే దారి, అంటే ఏ సాకెట్‌లో గుచ్చారో దాన్ని బట్టి పేరు, కాబట్టి సాకెట్లకి లేబుల్ అంటించి అటూ ఇటూ మార్చకుండా చూసుకోవాలి.

విండోస్‌లో కథ రివర్స్, ఒకసారి ఇచ్చిన కామ్ నంబర్‌ని అది గుర్తుపెట్టుకుంటుంది, సీరియల్ నంబర్ లేని డివైస్‌ని కొత్త సాకెట్‌లో పెట్టిన ప్రతిసారీ ఇంకో నంబర్ పెరుగుతుంది. డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూలో హిడెన్ డివైస్‌లు చూపించమని పెట్టి, మసకగా కనిపించే పాత ఎంట్రీలు అన్‌ఇన్‌స్టాల్ చేయండి, ఆ తర్వాత పోర్ట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్ళి నంబర్ మీరే ఎంచుకోవచ్చు. మీరే సొంతంగా కోడ్ రాస్తుంటే కామ్10, ఆపైవి నేరుగా పేరిస్తే ఓపెన్ అవ్వవు, ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు, చుక్క, ఇంకో బ్యాక్‌స్లాష్ పెట్టాలి.

మ్యాక్‌లో ఒకే పోర్ట్‌కి టీటీవై, సీయూ అని రెండు పేర్లు కనిపిస్తాయి. బోర్డులతో మాట్లాడటానికి సీయూ తోనే వెళ్ళండి, టీటీవైది ఓపెన్ చేస్తే క్యారియర్ సిగ్నల్ (అవతలివైపు కనెక్ట్ అయిందని చెప్పే సిగ్నల్) కోసం అక్కడే ఆగిపోయే ఛాన్స్ ఉంది.