ఎండలు ముదరకముందే ప్రొజెక్టర్ బెల్టు జిగురు తీసేయండి: కొన్ని జాగ్రత్తలు

అటక మీద పాత ఫిల్మ్ ప్రొజెక్టర్ ఉన్నవాళ్లు శివరాత్రి లోపల దాన్ని కిందికి దించి, వెనక మూత విప్పి చూడండి. తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఇవి ఇంకా ఉన్నాయి. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన సూపర్ 8 (ఇంటి సినిమాల సన్న ఫిల్మ్) యంత్రాలు కొన్ని, బడుల నుంచి పాత సామాన్ల కొట్లకు, అక్కడి నుంచి మనలాంటివాళ్ల ఇళ్లకు చేరిన 16 ఎంఎం యంత్రాలు కొన్ని. చాలావాటిలో మోటారు నుంచి పుల్లీలను (గాడి ఉన్న చక్రాలను) తిప్పే బెల్టు ఇప్పుడు బెల్టుగా లేదు. నల్లటి తారులా కారి గాళ్లలో పేరుకుని ఉంటుంది.

ఎండకు కరిగిందని అందరూ అనుకుంటారు. అసలు దోషం ఎక్కువగా తేమది. ఆ కాలపు బెల్టుల్లో చాలావాటిని పాలీయురేతేన్‌తో చేశారు. గాలిలోని నీటి ఆవిరి ఏళ్ల తరబడి ఆ పదార్థపు అణువుల గొలుసులను తెంచుతూ పోతుంది. వేడి ఆ పనిని వేగిరం చేస్తుంది. మనకు నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల తేమ, మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ. స్లాబు కింద ఉండే అటకకు ఈ రెండూ తప్పవు. ఇప్పుడు ముదురుపాకంలా ఉన్న జిగురు ఏప్రిల్ వచ్చేసరికి తీగపాకమై బేరింగుల్లోకి, ఫిల్మ్ నడిచే దారిలోకి జారుతుంది. అందుకే చలి పూర్తిగా పోకముందే, అదీ తెల్లవారుజామున, ఈ పని పెట్టుకోవాలి.

పనిచేస్తుందో లేదో చూద్దామని మాత్రం స్విచ్చి వేయకండి. నేను కొన్న ఒక యంత్రానికి, అమ్మిన మనిషి లైటు వెలుగుతుందని చూపడానికి అప్పటికే కరెంటు ఇచ్చి తిప్పాడు. తిరిగిన పుల్లీ జిగురును దారాల్లా లాగి లోపలంతా చిమ్మింది. ఫ్యాను రెక్కలు, వైర్లు, లెన్సు వెనకవైపు, ఏదీ మిగల్లేదు. ఒక్క పూటలో అయ్యే పనికి నాకు నాలుగు ఆదివారాలు పట్టాయి. మరో ఇంట్లో ఏకంగా రీలు ఎక్కించి తిప్పారు. పెళ్లి ఫిల్మ్ పొడవునా నల్ల మచ్చలు పడ్డాయి. ఆ ఇంటి పెద్దావిడ ఆ రీలును చేతిలో పట్టుకుని కూర్చున్న తీరు నేను మరచిపోలేను. సూపర్ 8లో చాలావరకు నెగటివ్ ఉండదు, కెమెరాలో తిరిగిన ఫిల్మే ప్రొజెక్టర్‌లోనూ తిరుగుతుంది. 50 అడుగుల రీలు, సెకనుకు 18 ఫ్రేముల చొప్పున, 3 నిమిషాల 20 సెకన్లు. అది పాడైతే మరో ప్రతి లేదు.

ప్లగ్గు పీకేసి, తీగను మీ కళ్లెదుట పెట్టుకుని కూర్చోండి. వాల్వులతో (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలతో) పనిచేసే పాత సౌండు ప్రొజెక్టర్ అయితే ఆంప్లిఫయర్ వైపు చేయి పెట్టకండి. ప్లగ్గు తీసిన తరవాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఆ భాగం రేడియో మెకానిక్కుకు వదలాలి. దీపం గూడు లోపల బూడిదరంగు పీచు అట్ట కనిపిస్తే దాన్ని గీకకండి, ఊదకండి. కొన్ని పాత యంత్రాల్లో వేడిని ఆపడానికి ఆస్‌బెస్టాస్ వాడారు, దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎటు తిరిగిందో, జిగురు జాడ చెరిపేయకముందే ఫోనుతో నాలుగైదు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి.

ముందు పొడిగా తీయాలి, స్పిరిట్ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) చివర రావాలి. చాలామంది దీన్ని తిరగేసి చేసి చెడగొట్టుకుంటారు. జిగురు మందంగా ఉండగా స్పిరిట్ పోస్తే అది నల్లనీళ్లయి, అంతవరకు శుభ్రంగా ఉన్న చోట్లకు కూడా పారుతుంది. వెదురు పుల్లను చెక్కి గాడిలో పెట్టి, పుల్లీని చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ ముద్దలు ఎత్తండి. ఐస్‌క్రీమ్ పుల్ల కూడా పనికొస్తుంది. స్క్రూడ్రైవర్ వద్దు, గాడిలో గీత పడితే కొత్త బెల్టును అదే కోస్తుంది. ఎత్తిన ప్రతి ముద్దనూ అప్పటికప్పుడు పాత కాగితంలో తుడవండి. చేతికి నైట్రైల్ గ్లౌజులు, కింద నాలుగు మడతల వార్తాపత్రిక ఉండాలి. ఈ నలుపు బట్టకు అంటితే పోదు.

పనసకాయ కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకునే అలవాటుతో కొందరు ఇక్కడ కొబ్బరినూనె వాడతారు. జిగురు వదులుతుంది, నిజమే. కానీ నూనె గాడిలో నిలిచి కొత్త బెల్టును జారుస్తుంది, రబ్బరును ఉబ్బిస్తుంది. చేతికి అంటిన మరకకైతే కొబ్బరినూనె, ఆపైన సబ్బు సరిగ్గా సరిపోతాయి.

మిగిలిన పల్చటి పొరకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతం ఉన్నది. సెల్‌ఫోను విడిభాగాల కొట్లలో ఐపీఏ అంటే ఇస్తారు. శానిటైజర్‌లో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి కాబట్టి అది వద్దు. థిన్నర్, అసిటోన్ ప్లాస్టిక్కును కరిగిస్తాయి, పెట్రోలును ఇంట్లోకే తేవద్దు. ఐపీఏను కూడా యంత్రం మీద పోయకండి, చల్లకండి. పాత పంచె ముక్కకో ఇయర్ బడ్‌కో అద్ది తుడవండి. బేరింగులోకి దిగితే అక్కడి నూనెను కడిగేసి, జిగురును లోపలికి మోసుకుపోతుంది. లెన్సుకు వేరే గుడ్డ ఉండాలి.

నిప్పురవ్వ తగిలితే ఐపీఏ ఆవిరి సుమారు 12 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది. మన ఊళ్లో అంత చల్లటి గది ఎక్కడ ఉంటుంది? పైగా ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది. కిటికీలు తీసి పెట్టండి. పక్కగదిలో స్టవ్వు, దేవుడి దగ్గర దీపం, అగరవత్తి ఏదీ వెలగకూడదు. ఏసీ గదిలో తలుపు మూసుకుని చేయకండి. తడిసిన గుడ్డలను చెత్తబుట్టలో కుక్కక, ఆరుబయట నీడలో ఆరనిచ్చి పారేయండి.

కొత్త బెల్టు కొలతకు నూలుదారాన్ని పుల్లీల చుట్టూ బిగువుగా తిప్పి కొలవండి. రబ్బరు బెల్టు అంతకన్నా నూటికి 5 నుంచి 10 వంతులు తక్కువ పొడవుండాలి. యంత్రాన్ని ఒక రాత్రంతా మూత తెరిచి ఉంచి, మర్నాడు ముందు చేత్తో తిప్పి, ఆ తరవాతే కరెంటు ఇవ్వండి. అమెరికా నుంచి వచ్చిన యంత్రమైతే వెనక రాసిన వోల్టేజీ చదవకుండా మన 230 వోల్టులకు తగిలించవద్దు. ఫిల్మ్ లేకుండా పది నిమిషాలు నడిపి, వాసన, చప్పుడు గమనించండి. తిరిగి అటక ఎక్కించే పని ఉంటే, కొత్త బెల్టును విప్పి కవరులో వేసి, తేదీ రాసి, యంత్రం పిడికి కట్టండి.